ఫోరెన్సిక్ కెమిస్ట్రీ చదవాలనుకునేవారు ముందు కెమిస్ట్రీ చదవాలి

ఇంటర్ ఫలితాలు వచ్చి, డిగ్రీ ప్రవేశాలకు ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. బైపీసీ చదివి మెడిసిన్ సీటు రాని అమ్మాయో, ఎంపీసీ చదివినా ఇంజనీరింగ్ వద్దనుకున్న అబ్బాయో ఫోరెన్సిక్ సైన్సే చదువుతానని పట్టుబడితే, ఆ కోర్సు మంచిదేనా, దానికి ఉద్యోగాలున్నాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడితే, వారిలో చాలామందికి కావలసింది ఫోరెన్సిక్ సైన్స్ మొత్తం కాదనీ, అందులోని రసాయన విభాగమేననీ తెలుస్తుంది. విషాన్ని గుర్తించడం, పట్టుబడిన పొడి మత్తుమందో కాదో తేల్చడం, కాలిపోయిన ఇంట్లో పెట్రోలు జాడ పట్టుకోవడం వంటి పనులే వారి ఊహలో ఉంటాయి. వారికి నేను చెప్పే జవాబు ఒక్కటే, అది ఎక్కువమందికి రుచించదు. ఫోరెన్సిక్ కెమిస్ట్ కావాలనుకునేవారు డిగ్రీలో కెమిస్ట్రీ చదవాలి. ఫోరెన్సిక్ చదువు పీజీలో మొదలైతే చాలు. ఫోరెన్సిక్ పేరున్న డిగ్రీలోనే చేరదలిస్తే, అందులో కెమిస్ట్రీకి ఎన్ని గంటలు కేటాయించారో, ఆ గంటల్లో ఎన్ని ల్యాబులో గడుస్తాయో చూసుకున్నాకే చేరాలి.

నేను కొన్నేళ్లు ఒక ఔషధ కంపెనీ క్వాలిటీ కంట్రోల్ విభాగంలో పనిచేసి, తర్వాత డిగ్రీ కళాశాలలో అనలిటికల్ కెమిస్ట్రీ చెబుతున్నవాణ్ణి. కెమిస్ట్రీ పంతులు కెమిస్ట్రీ చదవమనక ఇంకేం చదవమంటాడని అనుకునేవారుంటారు. ఆ అనుమానం సహజమే కాబట్టి, నా వాదనను మనందరికీ తెలిసిన ఒక ఉదాహరణతోనే మొదలుపెడతాను.

లంచం తీసుకుంటూ ఏసీబీకి చిక్కిన అధికారి ఫోటో మన పత్రికల్లో తరచూ వస్తుంది. ఆయన ముందు బల్ల మీద కరెన్సీ నోట్లు, వాటి పక్కన గులాబీ రంగు ద్రవం ఉన్న సీసాలు కనిపిస్తాయి. ఆ రంగు వెనక ఉన్న పద్ధతి చాలా పాతది. ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ అనే తెల్లని పొడి పలుచగా పూస్తారు. ఆ పొడి తగిలిన వేళ్లను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే ఏమవుతుందో మధ్యవర్తుల (సాక్షులుగా పిలిచిన బయటివారి) సమక్షంలో ముందే చేసి చూపిస్తారు. తర్వాత అధికారి నోట్లు అందుకున్నాడన్న సైగ రాగానే లోపలికి వెళ్లి, అప్పటికప్పుడు కలిపిన ద్రావణంలో ఆయన వేళ్లు కడిగిస్తారు. ద్రావణం గులాబీ రంగుకు తిరిగితే దాన్ని సీసాల్లో పోసి, సీలు వేసి, మధ్యవర్తుల నివేదికలో నమోదు చేసి ల్యాబుకు పంపుతారు.

ఈ ఫినాఫ్తలీన్ బీఎస్సీ మొదటి సెమిస్టరు విద్యార్థికి కొత్త కాదు. ఆమ్ల క్షార టైట్రేషన్‌లో బ్యూరెట్ కింద ఊపే కోనికల్ ఫ్లాస్కులో రెండు చుక్కలు వేసేది దాన్నే. గులాబీ రంగు వస్తే ఫినాఫ్తలీన్ ఉన్నట్టేనన్న సంగతి తెలుసుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు, ఏసీబీ కానిస్టేబుల్‌కూ తెలుసు. కెమిస్ట్ అవసరం పడేది సీసా ల్యాబులో తెరిచినప్పుడు అందులో గులాబీ రంగు లేకపోతే. ఇది ఊహ కాదు, నిల్వ ఉన్న క్షార ద్రావణంలో ఫినాఫ్తలీన్ రంగు వెలిసిపోవడం దాని స్వభావం. తటస్థ ద్రావణంలో ఆ అణువులోని ఒక వలయం మూసుకుని ఉంటుంది కాబట్టి రంగుండదు. క్షారత పీహెచ్ 8 దాటి పెరిగేకొద్దీ ఆ వలయం విచ్చుకుని, ఎలక్ట్రాన్లు అణువు పొడవునా సంచరించే వీలు కలిగి, ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది, మన కంటికి గులాబీ రంగు కనిపిస్తుంది. క్షారంలో ఎక్కువసేపు ఉంటే హైడ్రాక్సైడ్ అయాన్ మధ్య కార్బన్‌కు అతుక్కుని ఆ సంచారాన్ని తెంచేస్తుంది, రంగు పోతుంది. కానీ పదార్థం ఎక్కడికీ పోలేదు. ద్రావణాన్ని ఆమ్లంతో సరిచేసి మళ్లీ క్షారం కలిపితే రంగు తిరిగి రావచ్చు. లేదా ఆమ్లీకరించి ఈథర్‌లోకి లాగి, పలుచని పొర క్రొమటోగ్రఫీతోనో అతినీలలోహిత వర్ణపటంతోనో నిర్ధారించవచ్చు. ఈ రసాయనం మనసుకు పట్టినవాడు రంగులేని సీసాను చూసి తడబడడు. పట్టనివాడు 'రంగు లేదు' అని రాసి ఊరుకునే ప్రమాదముంది.

అదే సీసా మీద కోర్టులో డిఫెన్స్ న్యాయవాది వేయగల ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ముద్దాయి భోజనం చేసి వచ్చాడు, వేళ్లకు పసుపు అంటి ఉండొచ్చు కదా అంటాడు. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసే ఇళ్లలో పుట్టిన మనకు, పసుపు క్షారంలో ఎర్రబడుతుందన్న సంగతి పాఠ్యపుస్తకం చెప్పక ముందే తెలుసు. కాబట్టి ఆ ప్రశ్న వెటకారం కాదు. జవాబు వర్ణపటంలో ఉంది: పసుపులోని కర్కుమిన్, ఫినాఫ్తలీన్ కాంతిని పీల్చుకునే తరంగదైర్ఘ్యాలు వేరు. పొడి తాకని మధ్యవర్తి వేళ్లను ముందుగా అదే ద్రావణంలో ముంచి రంగు మారలేదని చూపడం ఎందుకో కూడా ఆ సందర్భంలోనే అర్థమవుతుంది. మేం తరగతిలో బ్లాంక్ అని పిలిచేది అదే. రికార్డు పుస్తకంలో బ్లాంక్ విలువను పక్కవాడి దగ్గర చూసి రాసుకునే విద్యార్థి, రేపు ఒక మనిషి ఉద్యోగాన్నీ స్వేచ్ఛనూ తేల్చే నివేదిక మీద సంతకం పెట్టవలసినవాడు.

ఇదంతా రెండు పేపర్లలో ఫోరెన్సిక్ విద్యార్థికీ చెప్పవచ్చు కదా అని అడగవచ్చు. ఫినాఫ్తలీన్ వరకైతే చెప్పవచ్చు. కానీ రేపు వచ్చే నమూనా ఫినాఫ్తలీన్ కాదు. ఫోరెన్సిక్ ల్యాబు రసాయన విభాగానికి ఏ రోజు ఏ పదార్థం వస్తుందో ముందే తెలియదు, సిలబస్‌లో ఉన్న పదార్థాలే వస్తాయన్న హామీ లేదు. పేర్ల జాబితా కంఠస్థం చేసినవాడు జాబితా బయటి అణువు దగ్గర ఆగిపోతాడు. నిర్మాణం చూసి ధర్మాలను ఊహించడం నేర్చినవాడు మాత్రమే ముందుకు వెళ్లగలడు, ఆ నేర్పు నాలుగైదు సెమిస్టర్ల ఆర్గానిక్, ఫిజికల్, అనలిటికల్ కెమిస్ట్రీ లేకుండా రాదు.

మెథాంఫెటమైన్ సంగతి చూడండి. ఈ అణువుకు అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలున్నాయి. ఒకటి మెదడును తీవ్రంగా ఉద్రేకపరిచే మత్తుమందు. రెండోది అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా అమ్మే కొన్ని ముక్కు దిబ్బడ ఇన్‌హేలర్లలో ఉండే బలహీనమైన రూపం. మిశ్రమంలోని పదార్థాలను కాలమ్ అనే గొట్టంలో విడదీసి, వాటి అణువులను గుర్తించే జీసీ-ఎంఎస్ పరికరం, మామూలు కాలమ్ బిగిస్తే, వీటిని వేరు చేయలేదు. రెండూ ఒకే సమయానికి బయటికి వచ్చి ఒకే మాస్ స్పెక్ట్రం ఇస్తాయి. లక్షలు పోసి కొన్న యంత్రం తెరపై 'మెథాంఫెటమైన్' అని చూపినంత మాత్రాన ఏ రూపమో తేలదు, అందుకు అద్దపు రూపాలను విడదీయగల కైరల్ కాలమ్ కావాలి, దానికంటే ముందు ఆ ప్రశ్న అడగాలని తోచే మనిషి కావాలి. స్టీరియోకెమిస్ట్రీ పాఠంలో ఇలాంటి అద్దపు రూపాలకు ఆర్, ఎస్ గుర్తులు పెట్టడం ఎందుకు సార్, ఇవి ఎక్కడ పనికొస్తాయి అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. మూత్రంలో మెథాంఫెటమైన్ కనబడిన వ్యక్తి తాను వాడింది ఇన్‌హేలరేనంటే, అది నిజమో కాదో తేల్చేవి ఆ గుర్తులే.

విషాల పరీక్షలో ఈ లోతు ఇంకా ఎక్కువగా కావాలి. మన రాష్ట్రాల్లో ల్యాబులకు వచ్చే విసెరా (లోపలి అవయవాల) నమూనాల్లో పురుగుమందు కేసులు కొత్త కాదు. మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ పేర్లు పల్లెటూళ్లలో చదువురానివారికీ తెలుసు. శవపరీక్షలో జీర్ణకోశం, పేగు ముక్క, కాలేయం, మూత్రపిండం భాగాలను తీసి సంతృప్త ఉప్పు ద్రావణంలో భద్రపరుస్తారు, వాడిన ఆ ఉప్పు ద్రావణం నమూనాను విడిగా మరో సీసాలో పంపుతారు. మళ్లీ అదే బ్లాంక్. శరీరం కుళ్లినప్పుడు పుట్టే కొన్ని అమైన్లు పాత రంగు పరీక్షల్లో మొక్కల ఆల్కలాయిడ్ విషాల మాదిరిగానే ప్రవర్తిస్తాయని ఇటలీ రసాయనవేత్త ఫ్రాన్సెస్కో సెల్మీ 1870ల్లోనే గుర్తించాడు. అంటే విషం లేని దేహంలో విషం ఉన్నట్టు కనబడవచ్చు. దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది ధాన్యంలో పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలతో వస్తుంది. అది కడుపులోని తేమతో, ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది. ఆలస్యమైనా, సీసా మూత సరిగా లేకపోయినా వాయువు జారిపోతుంది. అప్పుడు మనిషి చనిపోయింది విషంతోనే అయినా నివేదికలో విషం కనబడకపోవచ్చు. ఆ పరిస్థితిలో 'ఈ పద్ధతిలో, ఈ పరిమితికి లోబడి, గుర్తించలేదు' అని రాయాలో, 'విషం లేదు' అని రాయాలో తెలియడమే టాక్సికాలజీలో, అంటే విషాల శాస్త్రంలో, సగం చదువు. గుర్తింపు పరిమితి (ఒక పద్ధతి పట్టుకోగల అతి తక్కువ మోతాదు) అంటే ఏమిటో, దాన్ని ఎలా లెక్కగడతారో అనలిటికల్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో కాలిబ్రేషన్ గీత గీసి చేతులు కాల్చుకున్నవారికి తెలుస్తుంది. పవర్ పాయింట్‌లో నిర్వచనం చదివినవారికి తెలియదు.

కొలత విషయం కూడా అలాంటిదే. మాదకద్రవ్యాల చట్టం, 1985 కింద శిక్ష పరిమాణాన్ని బట్టి మారుతుంది. గంజాయికి 1 కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు కమర్షియల్ క్వాంటిటీ. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. కమర్షియల్ పరిమాణమైతే కనీస శిక్ష 10 ఏళ్లు, బెయిలు దొరకడం బాగా కష్టం. చట్టం గంజాయిని పూత, కాయ ఉన్న కొనలుగా నిర్వచించింది. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు అందులోకి రావు. ఏజెన్సీ ప్రాంతం నుంచి మైదానానికి దిగుతూ పట్టుబడిన పచ్చి సరుకు హద్దుకు కాస్త పైన తూగిందనుకోండి. అందులో తేమ ఎంత, కాడలు, ఆకులు ఎంత, తీసిన నమూనా మొత్తం సరుకుకు ప్రాతినిధ్యం వహిస్తుందా, తూనిక యంత్రం అనిశ్చితి ఎంత? హెరాయిన్‌లో కలిపిన కల్తీ పొడి బరువును కూడా లెక్కించాలని సుప్రీంకోర్టు 2020లో హీరాసింగ్ కేసులో తేల్చింది, అంతకుముందు 2008 నాటి తీర్పు దీనికి భిన్నంగా ఉండేది. న్యాయస్థానం ఏది లెక్కించాలో చెబుతుంది. నమూనా తీయడంలో, తూచడంలో వచ్చే తేడాలను లెక్కగట్టి చెప్పవలసింది కెమిస్టు. వాహనం నడిపేవారి రక్తంలో ఆల్కహాలు 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటకూడదన్న మోటారు వాహనాల చట్టం నియమమూ అంతే. 31 వచ్చిన నివేదిక ఎంత గట్టిదో చెప్పగలగడానికి గణాంకశాస్త్రం కావాలి, మన డిగ్రీ పిల్లలు ఎక్కువగా తప్పించుకు తిరిగేది ఆ అధ్యాయాన్నే.

ఇక ఫోరెన్సిక్ పేరున్న డిగ్రీలో సాధారణంగా ఏముంటుందో చూద్దాం. నేర చట్టాలు, నేర మనస్తత్వం, వేలిముద్రలు, వివాదాస్పద పత్రాలు, తుపాకులు, రక్తం, డీఎన్‌ఏ, సైబర్ నేరాలు, మధ్యలో టాక్సికాలజీ. ఒక్కొక్కటి ఒక్కొక్క వృత్తి. అన్నింటినీ మూడేళ్లలో చుట్టి రావాలంటే ఏదీ లోతుగా వీలుపడదు, ఇది ఆ అధ్యాపకుల తప్పు కాదు. తెలంగాణలో మూడు సబ్జెక్టుల కాంబినేషన్ దొరికితే, అందులో కెమిస్ట్రీ ఒకటిగా ఉన్నదాన్ని ఎంచుకోవచ్చు, అది కొంత మేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చాక, మేజర్‌గా ఏది పెట్టుకుంటారన్నది ఇదివరకటి కంటే చాలా పెద్ద నిర్ణయమైంది.

నాకు తెలిసిన ఒక ప్రైవేటు కళాశాల ఈ కోర్సు ప్రారంభించిన తొలి ఏడాది, కరపత్రంలో మైక్రోస్కోపు ముందు తెల్లకోటు వేసుకున్న అమ్మాయి బొమ్మ వేసింది. లోపల చూస్తే కెమిస్ట్రీ ల్యాబు పాత డిగ్రీ ల్యాబే, హానికర వాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఫ్యాన్ తిరగదు, వేలిముద్రల పొడి డబ్బాలు రెండు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బస్తా ఒకటి అదనంగా వచ్చాయి. ఫీజు మాత్రం కెమిస్ట్రీ కాంబినేషన్‌కు రెండింతలు. పిల్లలు తోటలో తాడు కట్టి, నేల మీద సుద్దముక్కతో మనిషి ఆకారం గీసి ఫోటోలు దిగారు. అది సరదాగానే ఉంటుంది, నేను కాదనను. కానీ ఆ బ్యాచ్‌లోని ఒక విద్యార్థిని మూడో ఏడాదిలో నా దగ్గరకు వచ్చి, హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచేది) తాకకుండానే డిగ్రీ అయిపోతోంది సార్ అన్నప్పుడు నాకు జవాబు దొరకలేదు. అదే ఊళ్లోని ఔషధ కంపెనీల్లో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసిన పిల్లలు ఆరు నెలల్లో ఆ యంత్రం మీద షిఫ్టులు చేస్తున్నారు.

ఈ చివరి మాట మీద కాస్త ఆగాలి. హైదరాబాదు చుట్టుపక్కల జీడిమెట్ల, పాశమైలారం మొదలుకొని అటు పరవాడ, పైడిభీమవరం దాకా ఉన్న ఔషధ కంపెనీల క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) విభాగాలు మన దగ్గర అప్రకటిత ఫోరెన్సిక్ పాఠశాలలని నా నమ్మకం. అక్కడ ప్రతి నమూనాకూ నంబరు ఉంటుంది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో సంతకాలుంటాయి. తప్పు రాస్తే వైట్‌నర్ పెట్టకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి. యంత్రం గీసిన క్రొమటోగ్రామ్ గ్రాఫును మళ్లీ ఇంటిగ్రేట్ చేస్తే, అంటే లెక్కగడితే, సాఫ్ట్‌వేర్ ఆడిట్ ట్రయల్‌లో ఎప్పుడు, ఎవరు, ఎందుకు అన్నది మిగిలిపోతుంది. విదేశీ తనిఖీ అధికారి వచ్చి రెండేళ్ల కిందటి ఒక ఫలితాన్ని తీసి 'ఇది నిరూపించు' అంటే నిరూపించాలి. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌ను తట్టుకోవడానికి కావలసిన శిక్షణలో చాలా భాగం ఇదే. ఫోరెన్సిక్ ల్యాబులు ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు కోసం పాటించే ఐఎస్ఓ 17025 ప్రమాణం కోరేదీ ఇలాంటి క్రమశిక్షణనే.

నా వాదనకు బలమైన అభ్యంతరం ఇక్కడే ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర మాదకద్రవ్యాల ల్యాబులో ఆనీ డూఖన్ అనే కెమిస్టు, నమూనాలను పరీక్షించకుండానే కంటితో చూసి ఫలితాలు రాసేసింది. ఆమె 2012లో అరెస్టయి, 2013లో నేరం ఒప్పుకుంది, 2017లో ఇరవై ఒక్క వేలకు పైగా కేసులు కొట్టేయవలసి వచ్చింది. కెమిస్ట్రీ రాకపోవడం ఆమె నేరం కాదు, కెమిస్ట్రీ చేయకపోవడం. నైతికతను బెంజీన్ వలయం నేర్పదు కదా, నేర పరిశోధన, చట్టం, సాక్ష్యం విలువ గురించి మొదటినుంచీ చదివే ఫోరెన్సిక్ డిగ్రీయే మేలు కదా అనవచ్చు. ఈ మాటలో నిజముంది, నేను దీన్ని తేలిగ్గా తోసిపుచ్చను. అయితే ఆ కథలో నన్ను ఆపిన వివరం వేరు. ఆమె తోటివారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ నమూనాలు పూర్తిచేస్తుంటే అందరూ చురుకుదనమనుకున్నారు. ఒక నమూనాను కరిగించి, వడకట్టి, యంత్రంలోకి ఎక్కించి, పక్కన ప్రామాణికాన్ని నడిపి ఫలితం తీయడానికి ఎంతసేపు పడుతుందో ఒంటికి పట్టిన పర్యవేక్షకుడికి ఆ అంకె చూడగానే అనుమానం రావాలి. ఇంకో సంగతి, ఆమె తనకు లేని కెమిస్ట్రీ మాస్టర్స్ డిగ్రీ ఉన్నట్టు చెప్పుకుంది.

మన దేశంలో ఈ బలహీనత బయటపడే అవకాశం ఇంకా తక్కువ. ప్రభుత్వ శాస్త్ర నిపుణుడి నివేదికను, ఆయనను పిలవకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చని పాత నేర విచారణ ప్రక్రియ చట్టం (సీఆర్‌పీసీ) 293వ సెక్షను చెప్పింది. కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 329వ సెక్షనుగా కొనసాగుతోంది. కోర్టు కావాలనుకుంటే పిలవవచ్చు, కానీ పిలవకుండానే అనేక కేసులు నడిచిపోతాయి. అమెరికా సుప్రీంకోర్టు మాత్రం 2009లో మెలెండెజ్-డయాజ్ కేసులో, పరీక్ష చేసిన విశ్లేషకుడిని ప్రశ్నించే హక్కు ముద్దాయికి ఉందని తేల్చింది. నిపుణుడిని బోనులో నిలబెట్టే అలవాటు తక్కువగా ఉన్నచోట, అతడి చదువు మీద మరింత గట్టి పట్టుదల ఉండాలి. అక్కడ అడ్డుకునేది ఆ చదువొక్కటే.

రెండో అభ్యంతరం కొత్త చట్టం నుంచి వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన సంహిత 176(3) సెక్షను ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లి సాక్ష్యాలు సేకరించాలి, దాన్ని వీడియో తీయించాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు వెసులుబాటు ఇచ్చారు. జిల్లాకో బృందం, బృందంలో మనుషులు కావాలంటే పెద్ద సంఖ్యలోనే కావాలి, వారికి స్థల పరిశీలన, ప్యాకింగు, సీలింగు, ఫోటోగ్రఫీ తెలియాలి. ఈ పనికి ఫోరెన్సిక్ డిగ్రీ విద్యార్థి కెమిస్ట్రీ విద్యార్థి కంటే ముందుంటాడని ఒప్పుకుంటాను. ఘటనాస్థలమే మీ ఇష్టమైతే ఆ డిగ్రీలో నిరభ్యంతరంగా చేరండి. నా మాట బెంచి దగ్గర నిలబడి పరీక్షించాలనుకునేవారికి మాత్రమే.

వారికి ఉద్యోగ ప్రకటనలే దారి చూపుతాయి. ల్యాబు పోస్టులు భౌతిక, రసాయన, జీవ విభాగాలవారీగా వస్తాయి. కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబుల రసాయన విభాగం పోస్టుల ప్రకటనల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ వంటివాటితో పాటు ఫోరెన్సిక్ సైన్స్‌ను అంగీకరిస్తూనే, డిగ్రీ మూడేళ్లూ కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలన్న షరతు చేర్చిన సందర్భాలున్నాయి. పీజీ ప్రవేశాల్లోనూ ఇదే వంపు కనిపిస్తుంది. ఉస్మానియాలోని ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్సుకూ, గాంధీనగర్ కేంద్రంగా ఉన్న జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం పీజీ కోర్సులకూ కెమిస్ట్రీ పట్టభద్రులు వెళ్లవచ్చు. డిగ్రీలో కెమిస్ట్రీ చాలినంత చదవని ఫోరెన్సిక్ పట్టభద్రుడికి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తలుపు తెరుచుకోదు. ఒకవైపు నుంచి రెండు దారులూ ఉన్నాయి, మరోవైపు నుంచి ఒకటే ఉంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఫోరెన్సిక్ సైన్స్ సర్వీస్ 2012లో మూతపడినప్పుడు కూడా, కెమిస్టుగా ఇంకో పరిశ్రమకు వెళ్లగలిగినవారికీ, నేరపరిశోధన తప్ప వేరే చేతిపని లేనివారికీ తేడా ఉండకపోదు.

నిజానికి ఈ వృత్తి మన దగ్గర కెమిస్ట్రీగానే మొదలైంది. మద్రాసులో 1849లో కెమికల్ ఎగ్జామినర్ ల్యాబు పెట్టినప్పుడు ఫోరెన్సిక్ అన్న పేరున్న పట్టా ఎక్కడా లేదు. పాషాణమో (ఆర్సెనిక్ విషం) ఉమ్మెత్తో పెట్టి చంపారన్న అనుమానం వచ్చిన కేసుల్లో, అప్పటి ప్రెసిడెన్సీలోని మన తెలుగు జిల్లాల నమూనాలకూ దిక్కు అదే. అంతకు 13 ఏళ్ల ముందే, 1836లో, జేమ్స్ మార్ష్ ఆర్సెనిక్‌ను వాయువుగా మార్చి గాజు మీద నల్లని మెరుపు మచ్చగా చూపే పరీక్షను ప్రకటించాడు. జింకులో, ఆమ్లంలో ముందే ఆర్సెనిక్ ఉంటే ఆ పరీక్ష అబద్ధం చెబుతుంది, అందుకే కారకాల స్వచ్ఛత మీద అప్పట్లోనే పెద్ద గొడవలు జరిగాయి.

ఇప్పటికే ఫోరెన్సిక్ డిగ్రీలో చేరి రెండో ఏడాదిలో ఉన్నవారు దీన్ని చదివి దిగులుపడనక్కర్లేదు. మీ కాంబినేషన్‌లో కెమిస్ట్రీ ఉంటే దాన్నే ప్రధానంగా పట్టుకోండి, ప్రాక్టికల్స్‌కు ఒక్క గంట కూడా ఎగ్గొట్టకండి. వేసవిలో ఏదైనా ఔషధ కంపెనీ క్యూసీలోనో, నీటి పరీక్షల ల్యాబులోనో, ఆహార పరీక్షల ల్యాబులోనో జీతం లేకపోయినా రెండు నెలలు నిలబడండి. కెమిస్ట్రీ లేని కాంబినేషన్ అయితే, మీ పీజీ ప్రవేశ నోటిఫికేషన్‌లో అర్హత పేరాను ఇప్పుడే చదివి, అవసరమైతే ఇంకా మారే వీలుందేమో ప్రిన్సిపాల్‌ను అడగండి. రెండో ఏడాది దాటితే ఆ వీలు ఉండదు. కొత్తగా చేరేవారు కళాశాలకు వెళ్లినప్పుడు కరపత్రం పక్కనపెట్టి, ల్యాబు తలుపు తీయించి, ఫ్యూమ్ హుడ్ స్విచ్ వేయమని అడిగి చూడండి. టైంటేబుల్‌లో వారానికి కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఎన్ని గంటలో, యూవీ స్పెక్ట్రోఫోటోమీటరు చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేశారో ల్యాబు అసిస్టెంటును అడగండి. కాలిబ్రేషన్ స్టిక్కరు మీద తేదీ ఉంటుంది.